సెక్షన్ గీయమన్న సారుకి, డబ్లిన్ నుంచి

ఆర్కిటెక్చర్ సెకండియర్‌లో మెజర్డ్ డ్రాయింగ్ (పాత కట్టడాన్ని టేపుతో కొలిచి గీయడం) కోసం హైదరాబాదు శాలిబండ దగ్గరి పాత దేవిడీకి వెళ్ళిన బ్యాచ్‌లు మన కాలేజీలో చాలానే ఉన్నాయి. అందరం ముందుగా గీసుకొచ్చింది ఎలివేషనే, అంటే భవనం ముందువైపు బొమ్మ. ఆర్చీలు, గచ్చు నగిషీలు, కమాను మీద తీగలు, షీటు నిండిపోయేది. సారు ఒకసారి చూసి పక్కన పెట్టేసేవారు. "ముందువైపు ఎలా ఉందో ఫోటోవాడు కూడా చెప్తాడు. సెక్షన్ తీసుకురండి. నీళ్ళు ఎటు పోతున్నాయో, మనుషులు ఎటు తిరుగుతున్నారో అందులో కనపడాలి" అనేవారు. సెక్షన్ అంటే భవనాన్ని నిలువుగా కోసినట్టు లోపలంతా చూపించే బొమ్మ. ఎండలో మళ్ళీ టేపు పట్టుకుని వెళ్ళాలంటే ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు డబ్లిన్‌లో పాత ఇళ్ళ మరమ్మతులు చూసే చిన్న ఆఫీసులో పని చేస్తూ ఆ మాట మీదే బతుకుతున్నాను. కాలేజీ జ్ఞాపకాల్లో హాస్టల్ మెస్ గురించి, జ్యూరీ (మేం గీసినవి సార్లు పరీక్షించే రోజు) ముందు రాత్రుల గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను ఈ ఊరి పాత ఇళ్ళ గొడవ రాస్తాను.

గొడవ అనే అనాలి. కూల్చాలా, ఉంచాలా అని అరవై ఏళ్ళుగా నడుస్తోంది, ఇంకా తెగలేదు.

డబ్లిన్ అనగానే పోస్టుకార్డుల మీద కనిపించేవి వరసగా ఎర్ర ఇటుక ఇళ్ళు, రంగురంగుల తలుపులు, తలుపు పైన విసనకర్రలా విచ్చుకున్న అద్దాలు (ఫ్యాన్‌లైట్లు). అవన్నీ 18వ శతాబ్దపు జార్జియన్ ఇళ్ళు, అంటే బ్రిటన్ జార్జి రాజుల కాలం నాటివి. 1757లో వెడల్పు వీధుల కోసం ఒక కమిషన్ వేసి, ఇరుకు సందుల ఊరిని తీరుగా దిద్దుకొచ్చారు. బయట నుంచి చూస్తే ఇళ్ళు చాలా సాదా. డబ్బంతా లోపలే పెట్టారు, గోడల మీదా కప్పుల మీదా సున్నపు నగిషీ పని చూస్తే తల దించబుద్ధి కాదు. 1801లో ఐర్లండ్ పార్లమెంటు రద్దయి లండన్‌లో కలిసిపోవడంతో ప్రభువులు మెల్లిగా మకాం ఎత్తేశారు. ఆ ఇళ్ళే తర్వాత గదికో కుటుంబం చొప్పున అద్దె కొంపలయ్యాయి.

హెన్రియెట్టా స్ట్రీట్‌లో 14వ నంబరు ఇల్లు చూస్తే ఈ కథంతా ఒకేచోట దొరుకుతుంది. 1740ల చివర్లో ఒక ప్రభువు కుటుంబం కోసం కట్టారు. 1877లో ఒక ఇంటి వ్యాపారి కొని, పెద్ద మెట్లు పీకేసి, అడ్డగోడలు పెట్టి వాటాలు చేశాడు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క ఇంట్లో 100 మంది. చివరి అద్దెవాళ్ళు 1970ల చివర్లో వెళ్ళారు. నగరపాలక సంస్థ దాన్ని ఏళ్ళ తరబడి ఓపిగ్గా బాగుచేసి 2018లో మ్యూజియంగా తెరిచింది. నాకు నచ్చినదేమిటంటే, ఇంటిని మళ్ళీ ప్రభువుల కాలానికి తోసుకుపోలేదు. నగిషీ కప్పు కిందే అద్దెవాళ్ళ వాల్‌పేపరు పొరలు, నేల మీద అరిగిన లినోలియం ముక్కలు, అన్నీ అలాగే ఉంచారు.

నడవ గోడలకి కింద ఎరుపు, పైన నీలం. ఆ నీలం ఏమిటని గైడును అడిగితే రెకిట్స్ బ్లూ అంది. బట్టలకి పెట్టే నీలిమందు! మన ఇళ్ళలో తెల్లచొక్కాలకి వాడే రాబిన్ బ్లూ కూడా ఆ కంపెనీ సరుకే. మా అమ్మమ్మ ఊళ్ళో సంక్రాంతికి సున్నంలో నీలిమందు కలిపి గోడలకి కొట్టేవారు. ప్రభువుల ఇంటి నడవలో ఆ రంగు కనపడేసరికి, టూర్‌లో మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయినా నేను గోడ దగ్గరే ఉండిపోయాను. ఎలివేషన్‌లో ఈ నీలం ఎక్కడా పడదు కదా.

ఇక కూల్చివేతల సంగతి. 1963 జూన్‌లో వారం పది రోజుల తేడాతో రెండుచోట్ల పాత ఇళ్ళు కూలి నలుగురు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు చిన్నపిల్లలు. దాంతో ఊరంతా టెన్షన్. ప్రమాదకరం అన్న మాట మీద చాలా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఇళ్ళు కూల్చినవాళ్ళందరినీ విలన్లుగా చూపించే కథలు ఇక్కడ చాలా వింటాను. తడి గోడల మధ్య, పెరట్లో ఒక్క కుళాయి దగ్గర వంతులేసుకుని బతికినవాళ్ళకి ఆ ఇటుకల మీద ప్రేమ ఎందుకుండాలి? కొత్త ఫ్లాటు తాళం చేతికొస్తే పండగే.

అయితే 1965లో లోయర్ ఫిట్జ్‌విలియం స్ట్రీట్‌లో విద్యుత్ బోర్డు తన ఆఫీసు కోసం వరసగా 16 ఇళ్ళు కూల్చినదానికి ఆ సాకు లేదు. మైలు పొడవున తెగకుండా సాగిన జార్జియన్ వీధి అది, చివర్లో కొండలు కనిపిస్తాయి. మధ్యలో పన్ను ఊడినట్టయింది. బోర్డువాళ్ళు తమ వాదనకి బలం కోసం లండన్ నుంచి జాన్ సమ్మర్సన్ అనే పేరున్న చరిత్రకారుణ్ణి పిలిపించుకుంటే, ఆయన వీధి వీధినే తీసిపారేశాడు. ఒకదాని పక్కన ఇంకో దిక్కుమాలిన ఇల్లు, అంతకుమించి ఏం లేదన్నాడు. విడివిడిగా ఎలివేషన్లు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి.

ఆ తర్వాతిది హ్యూమ్ స్ట్రీట్. 1969 డిసెంబరులో విద్యార్థులు, వాళ్ళలో ఆర్కిటెక్చర్ పిల్లలూ ఉన్నారు, కూల్చబోతున్న ఇళ్ళలో దూరి నెలల తరబడి కూర్చున్నారు. అప్పటి మంత్రి కెవిన్ బోలాండ్ పార్లమెంటులో ఈ పరిరక్షణవాదులంతా దొరలు, దొరసానులు, వామపక్ష మేధావులు కలిసిన ముఠా అని ఎద్దేవా చేశాడు. ఈ ఇళ్ళు బ్రిటిష్ పాలన గుర్తులు, పోతే పోనీ అనే భావం అప్పట్లో చాలామందిలో ఉండేది. చివరికి 1970లో ఇళ్ళు కూల్చేశారు. రాజీగా, వెనక మామూలు ఆఫీసు బ్లాకులు కట్టి ముందు జార్జియన్ ముఖం తగిలించారు. దీన్ని గెలుపని రాసినవాళ్ళున్నారు. నాకైతే అది ఓటమి కన్నా అన్యాయంగా కనిపిస్తుంది. ఆ దారే ఆనవాయితీ అయి, ఊళ్ళో చాలాచోట్ల వెనక ఫాల్స్ సీలింగు, ముందు ఫ్యాన్‌లైటు. మన జ్యూరీలో ఇలాంటిది పెడితే సారు ఏమనేవారో మన బ్యాచ్‌వాళ్ళకి చెప్పక్కర్లేదు.

విద్యుత్ బోర్డు వాళ్ళ 1960ల ఆఫీసు గీసినవాళ్ళలో ఒకాయన శామ్ స్టీవెన్సన్. అంతస్తులన్నీ పైనుంచి వేలాడదీసిన సెంట్రల్ బ్యాంకు కూడా ఆయనదే. అనుమతికి మించి ఎత్తు పెరిగిందని మధ్యలో ఆ పని ఆపించేశారు కూడా. వుడ్ కీ దగ్గర వైకింగుల (పాతకాలపు స్కాండినేవియా నావికుల) కాలపు ఊరు బయటపడిన స్థలంలో నగర ఆఫీసులూ ఆయనే కట్టాడు. 1978లో దాదాపు 20 వేల మంది ఊరేగింపు తీసి అడ్డుపడినా ఆగలేదు. అలాంటాయన కట్టడాలకే ఇప్పుడు పాతవన్న గౌరవం వచ్చింది. సెంట్రల్ బ్యాంకు తన మందితో వేరే చోటికి వెళ్ళిపోయాక ఆ భవనాన్ని కూల్చకుండా వాడకంలో పెట్టారు. ఫిట్జ్‌విలియం స్ట్రీట్ ఆఫీసు మాత్రం పోయింది. ఆ స్థలంలో పాత 16 ముఖాలే మళ్ళీ కట్టమని చాలామంది పట్టుబట్టారు. చివరికి గ్రాఫ్టన్ ఆర్కిటెక్ట్స్, ఇంకో సంస్థ కలిసి ఇటుకతోనే, వీధి గీత తప్పకుండా, ఈ కాలపు కట్టడమే కట్టారు. గ్రాఫ్టన్ నడిపే ఇద్దరు మహిళలకి 2020లో ఆర్కిటెక్చర్‌లో అతిపెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. నేను వాళ్ళ పక్షం.

మా ఆఫీసు పని ఇంత ఘనంగా ఉండదు. చాలావరకు పిట్టగోడ వెనక కాలవ. జార్జియన్ ఇంటి కప్పు వీధిలోంచి కనపడదు. రెండు వాలు కప్పులు పక్కపక్కన ఉండి మధ్యలో లోయ, అందులో సీసపు రేకు పరిచిన కాలవ. పావురాల ఈకలు, ఆకులు ఆ తూములో పడ్డాయంటే నీళ్ళు లోపలికి దిగుతాయి. గోడ కట్టేటప్పుడే ఇటుకల మధ్య అడ్డంగా చెక్క దిమ్మెలు పెట్టారు కాబట్టి, తడి తగిలితే గోడ లోపలే చెక్క కుళ్ళిపోతుంది. ముందువైపు రంగు తలుపు మెరుస్తూనే ఉంటుంది.

ఇటుకల సందులు నింపడం చూడాలి మీరు. విగ్గింగ్ అంటారు, డబ్లిన్ మేస్త్రీల పద్ధతి. పాత సున్నం గీకేసి, ముందు సన్నటి తెల్ల సున్నపు గీత వేస్తారు. అది పక్కలకి తిన్నగా కోసుకున్నాక, ఇటుక రంగు కలిపిన సున్నం ఆ గీతకి పైనా కిందా నింపి చదును చేస్తారు. వంకర ఇటుకలు కూడా గీత గీసి పేర్చినట్టు కనిపిస్తాయి. మా మేస్త్రీ గంటకి ఎంత గోడ చేస్తాడని క్లయింటు అడిగితే, ఆయన జవాబు చెప్పకుండా టీ తాగుతాడు. తొందరపడి సిమెంటు పూసిన గోడల్లో తడి బయటికి పోయే దారి లేక, చలికాలం గడ్డకట్టి ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. మన డంగు సున్నం గురించి చెప్తే ఆ మేస్త్రీ చెవులు రిక్కించి విన్నాడు.

2000 నుంచి ఇక్కడి చట్టం బాగుంది. రక్షిత కట్టడం అంటే ముందు గోడ ఒక్కటే కాదు, లోపలి గదులు, చుట్టూ ఆవరణ అన్నీ కలిపి. పాడుపెట్టకుండా చూసుకునే బాధ్యత యజమానిదే. కానీ కాగితం మీద చట్టం కప్పెక్కి తూము శుభ్రం చేయదు కదా. 2022 లెక్కల్లో, సెలవులకి మాత్రమే వాడే ఇళ్ళు కాక, దేశంలో ఖాళీగా ఉన్న ఇళ్ళు 1,66,752. 2024 చివరికి ఇల్లు లేక ప్రభుత్వ ఎమర్జెన్సీ వసతిలో ఉన్నవాళ్ళు 15 వేల పైచిలుకు. డబ్లిన్, కార్క్, లిమెరిక్ ఏ ఊరైనా పాత వీధిలో నడుస్తూ పైకి చూడండి, కింద దుకాణం, పై అంతస్తుల్లో పావురాలు. షాపు వెడల్పు చేయడానికి మెట్ల దారి ఎప్పుడో మూసేసి ఉంటారు. మళ్ళీ మెట్లు పెట్టాలంటే అగ్నిమాపక నిబంధనలు. ఖాళీ ఇల్లు బాగుచేసుకుంటే ప్రభుత్వం 50 వేల యూరోలు, శిథిలమైతే 70 వేల వరకు ఇస్తుంది. చిన్న ఇంటికి అది అక్కరకొస్తుంది, నాలుగంతస్తుల జార్జియన్ ఇంటికి ఏ మూలకీ రాదు.

ఆ ఇళ్ళలో ఇప్పుడు గదులు పంచుకుని ఉంటున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. చలికి కిటికీ సందుల్లో ప్లాస్టిక్ కుక్కి, పొయ్యిగూడు అట్టతో మూసి, లోపల పప్పు తాలింపు పెడతారు. గోడ బూజు పట్టక ఏం చేస్తుంది? నేను వెళ్ళినప్పుడల్లా చెప్పేది ఒక్కటే, కిటికీ పక్క గూట్లో మడిచి ఉన్న చెక్క తలుపులు రాత్రిపూట వేసుకోండి అని. చాలామందికి అవి కదులుతాయనే తెలియదు, మీద పొరలు పొరలుగా రంగు ఉంటుంది.

జూనియర్లు ఎవరైనా మాస్టర్స్‌కి ఇటు వస్తే ముందు 14 హెన్రియెట్టా స్ట్రీట్ టికెట్ బుక్ చేసుకోండి, గైడు లేకుండా లోపలికి వదలరు. తర్వాత ఫిట్జ్‌విలియం స్ట్రీట్ కొత్త బిల్డింగు చూసి ఫోన్ చేయండి. మా ఆఫీసులో సగం మందికి అది నచ్చలేదు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఇప్పటికీ అదే పంచాయితీ. నా వైపు ఇంకో ఓటు కావాలి.