సన్నజాజి సంచి

అరుగు మీద సంచి అలాగే ఉంది. ఇందాక తలుపులు వేస్తూ చూశాను. చూసి కూడా గడియ పెట్టి పడుకున్నాను. నిద్ర రాలేదు. మళ్ళీ లేచి ఇదిగో, ఇలా కూర్చున్నాను. మా ఆయన గురక అప్పుడే రెండో గేరులో పడింది.

నర్సరీ వాళ్ళు వాడే నల్ల ప్లాస్టిక్ సంచి. అందులో జానెడున్నర సన్నజాజి. ఆషాఢంలో కింది కొమ్మ ఒకటి వంచి, కణుపు దగ్గర చాకుతో కాస్త గీరి, మట్టిలో అదిమి, పైన ఇటుక పెట్టి అంటు తొక్కాను. పక్కింటి కోళ్ళు రెండుసార్లు కెలికేశాయి. రెండుసార్లూ మళ్ళీ అదిమాను. వేరు పట్టాక తల్లి నుంచి కోసి, ఇసుకా పేడ ఎరువూ కలిపి ఈ సంచిలోకి మార్చాను. ఇదంతా దాని కోసమే. "అది" అంటే ఎవరో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా, నాతో డిగ్రీ చదివిన నేస్తం. అదే. అది ఇవాళ నాలుగింటికి కారెక్కి వెళ్ళిపోయింది, సంచి ఇక్కడే ఉంది.

మర్చిపోయిందిలే అనుకోవచ్చు. కానీ డిక్కీలో కడియం మొక్కలు ఏడున్నాయి. వాళ్ళ అల్లుడు సామాను సర్దుతుంటే నేనే లెక్కపెట్టాను. స్నేక్ ప్లాంట్లు రెండు, జెడ్ ప్లాంటు ఒకటి, పింగాణీ కుండీలో బోన్సాయ్ ఒకటి, మిగతా మూడూ నాకు పేరు తెలియనివి. ఒక్కటీ పూలు పూసేది కాదు. ఆ బోన్సాయ్ పడిపోకుండా చుట్టూ తువ్వాళ్ళు కుక్కి, దానికి సీటు బెల్టు పెట్టడం ఒక్కటే తక్కువ చేశారు. మొన్న పొద్దున్న కడియంలో దిగి అవన్నీ కొన్నారట. తర్వాత దిండిలో రిసార్టు, ఇవాళ పొద్దున్నే అంతర్వేది, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోలు. ఆ తర్వాత మేము. అంటే ఈ ట్రిప్పులో మేము నాలుగో ఐటెం అన్నమాట.

టిఫిన్ మా ఇంట్లోనే అన్నారు. నాలుగింటికి లేచి పనసాకుల బుట్టలు కుట్టాను, ఇడ్లీపిండి పోసి ఆవిరి పట్టే పొట్టిక్కలకి. బుట్టకి నాలుగాకులు, కొబ్బరీనె పుల్లలు, మొత్తం ముప్ఫై రెండు బుట్టలు. వాళ్ళు వచ్చేసరికి పదకొండు. చల్లారిపోయి, మళ్ళీ ఆవిరి పెడితే ఆకు వాసన సగం పోయింది. వాళ్ళ మనవడు ఒకటి విప్పి, "ఆకు కూడా తినాలా అమ్మమ్మా?" అన్నాడు. (వాణ్ణి మాత్రం ఏమీ అనను. మూడు తిన్నాడు, ఇంకోటి జేబులో పెట్టుకోబోయాడు.)

అసలు నాకు మండింది దానికి కాదు. గేటు దాటి లోపలికొచ్చి, కొబ్బరిచెట్ల వంక చూసి, చేతులు చాచి అది అన్న మాటకి. "మీకేమే, రోజూ వీకెండే!"

ఈ మాట హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా అంటారు. వాళ్ళనననీ. ఇక్కడ పుట్టి, ఇక్కడి నీళ్ళు తాగి పెరిగిన మనిషి అంటే ఎలా? ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏటా రంగు వేసినా పొరలు పొరలుగా రాలతాయని దానికి తెలీదా? బోరు నీళ్ళు పోస్తే మల్లె ఆకు అంచులు మాడిపోతాయని తెలీదా? వేసవిలో కాలువలు కట్టేస్తే మొక్కలకి నీళ్ళెక్కడివి? బియ్యం కడిగినవీ, కూరలు కడిగినవీ బకెట్లో పట్టి మోస్తాను. దోమలు సాయంత్రం ఐదున్నరకి డ్యూటీ ఎక్కుతాయి. కాయలు దింపేవాడి కోసం ఇరవై రోజుల నుంచి ఫోన్లు చేస్తున్నాం, రేపు రేపు అంటున్నాడు. ఈలోగా కాయ ఎవరి నెత్తిన పడుతుందోనని టెన్షన్. ఇవాళ వాళ్ళ కారు ఆపిన చోటు చూసి నాకు అన్నం సహించలేదు. ఇదీ మా వీకెండు.

సరే, వాళ్ళ అల్లుడు మంచివాడే, ఏదో మాట కలపాలని, "ఈ కాలువలన్నీ వాటంతటవే ఏర్పడ్డాయా అంకుల్?" అన్నాడు. అయిపోయింది. మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి కాటన్ దొర దగ్గర మొదలుపెట్టారు. 1847లో పని మొదలవడం, 1852కి ఆనకట్ట పూర్తవడం, అంతకుముందు ఇక్కడ కరువుకి జనం రాలిపోవడం, అంతా వరసగా. అందరూ దొరకే దండలు వేస్తారు, పక్కనుండి పని నడిపించిన వీణం వీరన్న పేరు ఎవడూ ఎత్తడని ఏటా ఆగస్టు పదిహేనుకి చెప్పేదే మళ్ళీ చెప్పారు. ఆవ పెట్టిన కంద బచ్చలి చల్లారిపోయింది. చల్లారితే ఆవ ఘాటు ముక్కుకి తెలియదు, ఇంకెందుకది. పాపం అల్లుడే తెలివిగా మాట మార్చాడు.

మధ్యాహ్నం ఒక్క అరగంట బాగుంది. అందరూ కునుకు తీస్తుంటే మేమిద్దరం జాజి పందిరి కింద చాప వేసుకుని పడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో చెప్పమంటే చెప్పలేను. మోకాళ్ళ గురించి అనుకుంటా. నవ్వీ నవ్వీ దానికి ఎక్కిళ్ళొచ్చాయి.

సాయంత్రం గ్రూపులో ఫొటోలు పెట్టింది. విజయవాడ దాటుతూ పెట్టి ఉంటుంది. నలభై ఏడు ఫొటోలు. ఒకదాంట్లో మా అరుగు మెట్టు పడింది. మెట్టు మీద దాని చెప్పులు, వాటిని ఆనుకుని ఈ సంచి. జూమ్ చేసి చూశాను, జాజి రెమ్మ ఒకటి ఎడం చెప్పు మీదికి వాలి ఉంది. అంటే దాన్ని తప్పించకుండా చెప్పు తొడుక్కోవడం కుదరదు. చేత్తో పక్కకి జరిపే ఉంటుంది. జరిపి, తొడుక్కుని, వెళ్ళిపోయింది.

దీన్ని మర్చిపోవడం అంటారా?

ఈ సన్నజాజి దానికి వట్టి మొక్క కాదని మీకు తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. 1986. నర్సాపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం. చించినాడ వంతెన అప్పటికి లేదు. రోజూ సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కి మాధవాయిపాలెం రేవులో దిగడం, సాయంత్రం తిరిగి రావడం. ఆ ఆగస్టులో ఒకరోజు పొద్దున్న గోదారి ఎర్రగా, తేగలు ఉడికించిన నీళ్ళలా నురగ కక్కుతూ పోతోంది. మానులు, గడ్డివాములు, ఒక తడిక మీద వణుకుతూ పిల్లి. అయినా పంటు వేశారు, మేమూ ఎక్కాం. మధ్యాహ్నానికి రేవు ఆపేశారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని, అంత నీరు ముందెన్నడూ రాలేదని తర్వాత తెలిసింది. ఇప్పటికీ రికార్డు అదే.

నర్సాపురంలో దాని పెద్దమ్మ గారుండేవారు. వారం పైన అక్కడే చిక్కుపడ్డాం. ఇంటికి కబురు చేసే దారి లేదు. నేను ఏడవడం, అది నవ్వించడం, పెద్దమ్మ గారు ఇద్దరికీ కలిపి పెరుగన్నం ముద్దలు పెట్టడం. ఆవిడ లేసు అల్లేవారు. వాన ఎంత పడుతున్నా, గట్టు తెగిందని ఎవరు అరుచుకుంటూ పరిగెత్తినా, ఆవిడ వేలు మీద దారం ఆగేది కాదు. ఒక రాత్రి కరెంటు లేక దీపం బుడ్డి దగ్గర అల్లుతుంటే, సూది తిప్పే నీడ గోడ మీద కొంగ తల ఊపినట్టు పడేది. అది చూస్తూ నిద్రపోయేదాన్ని. వాళ్ళ పెరట్లో బావి చుట్టూ సన్నజాజి. ఆ వానలోనే గొడుగేసుకుని కోసి, మాకు మాలలు కట్టి జడల్లో పెట్టారు. ఊరంతా నీళ్ళ భయంలో ఉంటే మేమిద్దరం పూలు పెట్టుకుని కూర్చున్నాం. బయల్దేరిన రోజున కొబ్బరి డొప్పలో తడిమట్టి పెట్టి, అంటు ఒకటి నా చేతికిచ్చారు. "మీ పెరట్లో పెట్టవే, నన్ను తలుచుకుందువు గాని" అన్నారు.

పంటు ఒడ్డుకి వస్తుంటే రేవులో నాన్న కనిపించారు. రోజూ పొద్దున్నే వచ్చి అక్కడే నిలబడేవారట. ఎప్పుడూ గట్టిగా ఒక మాట అనని మనిషి, నా పేరు పెట్టి కేకేశారు. చెక్క పూర్తిగా వేయకముందే దూకాను. డొప్ప పంటు బల్ల కిందే ఉండిపోయింది. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

అది అడిగింది, మొక్క బతికిందా అని. బతికిందన్నాను. పెద్దమ్మ గారికి చెబుతుందని తెలుసు, అందుకే అన్నాను. తర్వాత పందిరెక్కిందన్నాను. దాని పెళ్ళయి ఊరు మారాక ఉత్తరాల్లో, మొగ్గలేసిందన్నాను. పెద్దమ్మ గారు పోయినప్పుడు అది ఏడుస్తూ, "ఆవిడ జాజి మీ ఇంట్లో ఉంది, అదే చాల్లే" అంది. ఇక అప్పుడు ఏం చెప్పను?

ఇవాళ పందిరి కింద నిలబడి కూతురికి చూపిస్తోంది, "ఇది మా పెద్దమ్మ చెట్టే" అని. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అల్లుడు మాట మార్చాడని చెప్పాను కదా. ఏమని మార్చాడో చెప్పలేదు. "జాజి పందిరి చాలా బాగుందండీ అంకుల్" అన్నాడు. ఈయన ఊరుకుంటారా! "కడియంలో కొన్నానయ్యా, 2009లో. నలభై రూపాయలు. స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాను." అప్పుడు అది చేతులు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరుంది. కుళాయి తిప్పే ఉంది. వినపడిందా, లేదా? మధ్యాహ్నం చాప మీద నవ్వింది భోజనాల తర్వాతేగా. విని ఉంటే అలా నవ్వుతుందా? నవ్వుతుంది. దాన్ని నమ్మలేం.

మొదలుపెట్టినప్పుడు దాన్ని నాలుగు తిడదామనే కూర్చున్నాను. ఇప్పుడు చూస్తే, నలభై రూపాయల మొక్క పిల్లని దాని పెద్దమ్మ పేరు చెప్పి అంటగట్టబోయింది నేను. అది పట్టుకెళ్ళకపోవడమే మంచిదయిందేమో. అలాగని బోన్సాయ్‌కి చుట్టిన తువ్వాళ్ళు తలుచుకుంటే మళ్ళీ ఒళ్ళు మండుతోంది. విన్నా వినకపోయినా, కోళ్ళతో పోట్లాడి నేను పెంచిన మొక్కేగా అది. ఆ మాత్రం చోటు లేదా?

సాయంత్రం ఈయన గునపం పట్టుకుని, "ఊరికే ఎండిపోతుంది, బావి పక్కన పాతెయ్యనా?" అన్నారు. వద్దన్నాను. నేలలో పెడితే ఇక మనదైపోతుంది. కనుమకి జగ్గన్నతోట ప్రభలు చూపించాలి పిల్లలకి, మళ్ళీ వస్తామంది. అప్పటిదాకా సంచిలోనే ఉండనీ. అప్పుడు ఇస్తానో, ముందు చెప్పి ఇస్తానో, చూద్దాం.

ఇంటికి చేరగానే మెసేజ్ పెడతానంది. ఇప్పుడు సూర్యాపేట దగ్గరుంటారేమో. ఇందాక ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్ళి సంచికి ఒక చెంబు నీళ్ళు పోసి వచ్చాను. అడుగున చిల్లులోంచి తెల్ల వేరు ఒకటి వేలెడు బయటికొచ్చి అరుగు గచ్చుని పట్టుకుంది. సంక్రాంతిదాకా ఆ సంచి చాలదు. అటక మీద ఖాళీ బియ్యం సంచి ఒకటుండాలి, పొద్దున్నే దింపమనాలి ఈయన్ని.