రెండు ఒంటిగంటన్నరలు

నేను అమెరికా వచ్చింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి. జ్యోతిషం అప్పటికే వచ్చు. అంటే, వచ్చనుకునేవాణ్ణి. మా గురువుగారు జాతకచక్రం చేత్తో వేయించి, దశాశేషం (పుట్టేనాటికి నడుస్తున్న గ్రహదశలో ఇంకా మిగిలిన కాలం) కాగితం మీద కట్టించి నేర్పారు. తీరా ఇక్కడికొచ్చాక ఆ లెక్కల దగ్గరే బోల్తా పడ్డాను. లగ్నం, అంటే పుట్టిన సమయానికి తూర్పున ఉదయించే రాశి, సుమారు రెండు గంటలకొకటి మారుతుంది. ఇక్కడేమో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. అది చూసుకోకుండా వేసిన మొదటి నాలుగు జాతకాలూ తప్పే. అందులో ఒకటి మా టీమ్ లీడ్ పిల్లాడిది. వెళ్ళి ఒప్పుకుంటే, "అందుకేనా అంత బాగా చెప్పావు!" అని నవ్వాడు.

అయినా మాట పాకింది. శని, ఆదివారాలు ఫోన్లే ఫోన్లు. నా వీసా మీద నన్ను తెచ్చుకున్న కంపెనీలో తప్ప బయట సంపాదించకూడదు కాబట్టి దక్షిణ ముట్టలేదు. ఒకందుకు అదే మంచిదైంది. డబ్బు పుచ్చుకుంటే ఏదో ఒక ఉంగరమో శాంతో చెప్పక తప్పేది కాదేమో.

పెళ్ళి, సంతానం అడిగితే గ్రంథాల్లో దారి ఉంది. గ్రీన్ కార్డుకి చక్రంలో ఏ భావం (ఏ గడి) చూడాలి? ఉద్యోగం మీద ఇచ్చే కార్డుల్లో ఏటా ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న నియమం గ్రహాలు పెట్టింది కాదు. అయినా మొదట్లో, గురుబలం వచ్చాక ఫలానా నెలలో అని ధీమాగా తేదీలు చెప్పేవాణ్ణి. ఒకాయన నా తేదీ నమ్ముకుని, కార్డు చేతికొచ్చాకే వెళ్దామని, మంచాన ఉన్న తండ్రిని చూడ్డం వాయిదా వేసుకున్నారు. ఆ నెల వచ్చింది, పోయింది. కార్డు రాలేదు. తండ్రి ఉండలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఫోనూ చేయలేదు.

అప్పట్నుంచి తేదీలు చెప్పడం మానేశాను. ఏలినాటి శని అని హడలిపోయి ఫోన్ చేసేవాళ్ళని ముందు నిద్ర పడుతోందా అని అడుగుతాను. కొందరికి పొద్దున్నే కాసేపు జపం చేసుకోమంటాను, కొందరికి డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటాను. తల్లిదండ్రుల్ని చూడ్డానికి వెళ్ళాలా అంటే మాత్రం జాతకం తెరవను. టికెట్ తీసుకోమంటాను.

మొన్న నవంబరులో తూర్పు తీరం నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, పాప పుట్టింది. రాత్రి 1:30." ఏ రోజని అడిగితే ఆదివారమన్నాడు, గడియారం వెనక్కి జరిపిన ఆదివారం. రెండు కాగానే మళ్ళీ ఒంటిగంట చేస్తారు కాబట్టి ఆ రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది! లగ్నం మారకపోయినా నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు) మారిపోతుంది. ఏది మొదటిదో, ఏది రెండోదో ఆ కంగార్లో అతనికి గుర్తులేదు. పుట్టగానే ఎవరికైనా ఫొటో పంపావా అని అడిగాను. వాళ్ళమ్మగారిని లైన్లో కలిపాడు. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని చదివారు: ఇండియా టైము పగలు 11:08. మొదటి ఒంటిగంటన్నర అయితే అక్కడ 11 గంటలు, రెండోది అయితే 12. కాబట్టి మొదటిదే.

"ఎలా ఉంటుంది నాయనా పాప?" అన్నారావిడ.

"ఫొటోలో చూశారుగా అమ్మా, బొద్దుగా ఉంది" అన్నాను.