బీటెక్ స్కాలర్‌షిప్‌లు: అప్లై చేశాకే అసలు పని

సీట్లు అలాట్ అయ్యీ అవగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ తిరగడం మొదలవుతుంది, ఇంజనీరింగ్ పిల్లలకు వంద స్కాలర్‌షిప్‌లు అంటూ. వాటిలో కొన్ని ఎప్పుడో ఆగిపోయినవి, కొన్ని అమెరికాలో చదివేవాళ్లకి, ఒకటో రెండో రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే దొంగవి. డబ్బులిస్తామన్నవాడు ముందు మన దగ్గరే ఐదొందలు అడిగాడంటే ఆ పేజీ అక్కడే మూసేయండి. మా చుట్టాల పిల్లలు, వాళ్ల ఫ్రెండ్స్ ఏటా నాకే ఫోన్ చేస్తారు కాబట్టి ప్రతిసారీ చెప్పేదే ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాక పేర్లు మారాయి, పోర్టళ్లు మారాయి, ప్రభుత్వం కాలేజీలకి కట్టాల్సిన బకాయిల గొడవ మాత్రం అలాగే ఉంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ఒక మెలిక కూడా ఉంది: మామూలుగా ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తేనే మొత్తం ఫీజు, ఆ పైన అయితే ఏడాదికి 35,000 వరకే. పేరున్న ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) అంటే ఫీజు లక్ష దాటుతుంది, మిగిలింది ఇంట్లోవాళ్ల నెత్తినే.

ఆడపిల్లలున్న ఇళ్లకి నేను గట్టిగా చెప్పేది ఏఐసీటీఈ, అంటే టెక్నికల్ కాలేజీలను చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ గురించి. ఏడాదికి 50,000, ఫస్టియర్‌లో చేరినవాళ్లకి, లేదంటే డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా సెకండియర్‌కి వచ్చినవాళ్లకి. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు తీసుకోవచ్చు. దేశం మొత్తం మీద డిగ్రీ స్థాయిలో ఏటా 5,000 మందికి ఇస్తారు, ఇంటర్ మార్కుల మెరిట్ చూస్తారు. కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. అంటే టీచర్ల పిల్లలు, చిన్న షాపు నడుపుకునేవాళ్ల పిల్లలు కూడా చాలామంది అర్హులే, కానీ "మనకి తెల్ల కార్డు లేదు కదా, ఎక్కడొస్తుందిలే" అని అసలు ఆ వైపే చూడరు! వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు ఇలాగే సక్షమ్ ఉంది, తల్లిదండ్రులు లేని పిల్లలకు స్వనాథ్ ఉంది, అవీ ఏడాదికి 50,000 చొప్పునే.

సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అని ఇంకోటి. ఇంటర్ బోర్డు పరీక్షల్లో 80 పర్సంటైల్ దాటి (80 శాతం మార్కులు కాదు, మీ బోర్డులో నూటికి ఎనభై మందిని దాటడం), ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, నాలుగో ఏడు 20,000. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లు దీనికి పనికిరారు. రెండూ పెట్టేసి ఏది వస్తే అది అనుకోవద్దు, తర్వాత తలనొప్పి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ తప్ప ఇవన్నీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందు ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి, ఆధార్‌తో, ఫోన్‌లో ముఖం చూపించి. మన పిల్లల గొడవ పేరు దగ్గర మొదలవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే ఉండదు. ఇంటర్ సెకండియర్ సెలవుల్లోనే ఆధార్ పేరు మెమో ప్రకారం మార్పించుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం కూడా అప్పుడే తీసి పెట్టుకోండి, అడ్మిషన్ల సీజన్లో మీసేవ దగ్గరా సచివాలయం దగ్గరా రద్దీ చూశారుగా.

సబ్మిట్ కొట్టాక అయిపోయిందనుకుంటారు చూడండి, చాలా దరఖాస్తులు పోయేది అక్కడే. కాలేజీలో దీనికి ఒక నోడల్ ఆఫీసర్ ఉంటారు, ఆయన లాగిన్‌లో వెరిఫై చేస్తే తప్ప ఫైలు పైకి కదలదు, దానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. మా చిన్నాన్న కూతురు ప్రగతికి పెట్టినప్పుడు అడిగిన ప్రతిసారీ "సార్ లీవ్‌లో ఉన్నారమ్మా, సోమవారం రా" అనేవాళ్లు, సోమవారం వెళ్తే పరీక్షల డ్యూటీ. చివరికి బాబాయే వెళ్లి ఆ గదిలో కూర్చుంటే పది నిమిషాల్లో అయిపోయింది. కాబట్టి వారానికోసారైనా స్టేటస్ చూడండి. డిఫెక్ట్ అని వెనక్కి పంపితే గడువులోగా సరిచేసి మళ్లీ పెట్టాలి, ఆ సంగతి మీరే చూసుకోవాలి, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

ఇంకో చోట కూడా ఆగుతుంది. "ఖాతాకి ఆధార్ ఇచ్చాం కదా" అంటారు. ఖాతా ఎవరిదో తేల్చే కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడేలా (దీన్నే డీబీటీ అంటారు) బ్యాంకుల చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఖాతా మీ ఆధార్‌కి మ్యాప్ అవడం వేరు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఏ బ్యాంకు పేరు చూపిస్తుందో డబ్బు దాంట్లోకే వెళ్తుంది.

ప్రైవేటు వాటిలో నేను చెప్పేవి కొన్నే. రిలయన్స్ ఫౌండేషన్ ఏటా 5,000 మంది డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు, అన్ని కోర్సులూ కలిపి, కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తుంది, ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంటుంది. ఆదాయ పరిమితి 15 లక్షలు కాబట్టి మనకి రాదులే అనుకుని మానేయకండి, అయితే 2.5 లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం. కోటక్ కన్య ఆడపిల్లలకి, ఏడాదికి 1.5 లక్షలు, పోటీ కూడా అదే స్థాయిలో ఉంటుంది. ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ 1994 నుంచి ఉంది, పేదింటి మెరిట్ పిల్లలకి నిజంగా ఉపయోగపడుతోంది. మీకు వస్తున్న వేరే స్కాలర్‌షిప్ సంగతి దేంట్లోనూ దాచకండి.

ఐఐటీల్లో సీటొస్తే లెక్క వేరు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజే ఉండదు. మిగతావాళ్లకి ఆదాయం లక్ష లోపైతే పూర్తిగా, 5 లక్షల లోపైతే మూడింట రెండొంతులు తగ్గుతుంది. ఫీజు చూసి భయపడి సీటు వదులుకునే ముందు ఇది కనుక్కోండి.

థర్డియర్‌కి వచ్చాక నిద్రలేచి అడిగేవాళ్లూ ఉంటారు. పైవాటిలో చాలావరకు ఫస్టియర్‌లోనే తలుపులు మూసేస్తాయి, వాళ్లకి ఎంటెక్ ఎంట్రన్స్ అయిన గేట్ రాయమనే చెప్తాను. మంచి స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. ఈ రోజుల్లో హైదరాబాద్ హాస్టల్ ఖర్చుకి అది ఏ మూలకి అంటారా, అది ఇంకో పోస్టు.