వెళ్లొస్తానని చెప్పి వెళ్లడం

మా పాపకు పదిహేను నెలలు నిండిన రోజుల్లో నేను తిరిగి ఉద్యోగంలో చేరాను. పొద్దున నేను బయలుదేరే వేళకు మా అత్తగారు పాపను పెరటివైపు తీసుకెళ్లి కాకులను చూపించేవారు. ఆ సందులో నేను చెప్పులు చేతపట్టుకుని వీధి గుమ్మం దాటేదాన్ని. ఏడుపు చెవిన పడనందుకు, నిజం చెప్పాలంటే, నాకూ హాయిగానే ఉండేది. రెండు వారాలు తిరిగేసరికి, ఆదివారం నాడు నేను స్నానానికి వెళ్లినా పాప తలుపు బాదుతూ ఏడవసాగింది. ఎప్పుడు మాయమవుతానో తెలియని అమ్మను కళ్లెదుటి నుంచి కదలనివ్వకపోవడంలో దాని తప్పేముంది?

ఆ రోజుల్లోనే మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ పరిశోధన గురించి చదివాను. 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లులనూ పసిపిల్లలనూ గమనించిన ఆమె, తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల కోసం ఒక పరీక్షను రూపొందించారు. బొమ్మలున్న కొత్త గదిలో బిడ్డను ఉంచి తల్లి రెండుసార్లు, కొద్ది నిమిషాల పాటు, బయటికి వెళ్లి వస్తుంది. తల్లి వెళ్లినప్పటి ఏడుపు కంటే ఆమె తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ఇందులో ముఖ్యం. భద్రమైన అనుబంధం ఉన్న బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా, తల్లి రాగానే ఆమెను చేరి, ఊరట పొంది, మళ్లీ ఆటలో పడుతుంది. తల్లి వచ్చినా ముఖం తిప్పుకుని ఆడుకునే పిల్లలను మనం బుద్ధిమంతులంటాం గానీ, తరువాతి పరిశోధకులు గుండె వేగాన్ని కొలిచినప్పుడు వారూ లోలోపల కలవరపడుతున్నారని తేలింది. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

గుమ్మంలో నిలబడి 'వెళ్తాను' అనకూడదని, 'వెళ్లొస్తాను' అనాలని మా అత్తగారే నన్ను ఎన్నోసార్లు దిద్దారు. ఆ మాటను పాపకూ చెబుదామన్నాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు, 'పసిదాన్ని ఏడిపించి పోతావా' అన్నారు. నాలుగైదు రోజులు పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చిన మాట వాస్తవమే. నేను ఎత్తుకుని, సాయంత్రం దీపం పెట్టే వేళకు వస్తానని చెప్పి, అత్తగారి చేతికి ఇచ్చి వెళ్లేదాన్ని. ఇల్లు చేరాక ఫోను పక్కన పడేసి, ముందుగా నేల మీద కూర్చునేదాన్ని. వంట ఆలస్యమైనా సరే. పని ఎక్కువై దీపాల వేళ దాటిన రోజులూ ఉన్నాయి, ఆ రోజుల్లో పాప కాసేపు నా దగ్గరికి రాకుండా అలిగి కూర్చునేది.

ఇప్పుడు స్నానాల గది తలుపు బాదడం మానేసింది. సోమవారాలు మాత్రం ఇంకా గట్టిగానే ఏడుస్తుంది.