ధ్రువం వేడెక్కిన జనవరిలో నాయన పంచాంగం

తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు మమ్మల్ని ఒకసారి దగ్గర్లోని గాదంకికి, పై వాతావరణాన్ని పరిశీలించే రాడార్ కేంద్రానికి తీసుకువెళ్లారు. వెనకటి రోజుల్లో మిద్దెల మీద కనిపించిన టీవీ యాంటెన్నాలను తలపించే యాగీలు, వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో, మొత్తం 1024 అక్కడ నిలబడి ఉంటాయి. పరిశోధనలో చేరితే ఆ రాడార్ మీదనే పనిచేస్తానని అనుకున్నాను. కానీ మా గైడ్ నాకు ఇచ్చిన అంశం వేరు: 2009 జనవరిలో ఉత్తర ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్ (మేఘాలకు పైనుండే గాలి పొర) హఠాత్తుగా వేడెక్కినప్పుడు, మన నెత్తిమీది అయనావరణంలో, అంటే ఎండకు గాలి కణాలు విద్యుదావేశం పొందే ఇంకా పై పొరలో, ఏం జరిగిందో చూడాలి.

ధ్రువం ఎక్కడ, నా కొలతలు వచ్చే తమిళనాడులోని తిరునెల్వేలి ఎక్కడ అని మొదట నాకూ అనిపించింది. శీతాకాలపు చీకటిలో ధ్రువం చుట్టూ పడమటి గాలులు బలంగా తిరుగుతుంటాయి. కింది నుంచి ప్లానెటరీ తరంగాలు, అంటే వేల కిలోమీటర్ల పొడవుండే గాలి అలలు, పైకి ఎగబాకి ఆ గాలుల వేగాన్ని తగ్గించి, ఒక్కోసారి వాటిని పూర్తిగా తూర్పుగాలులుగా మార్చేస్తాయి. అప్పుడు గాలి ధ్రువం మీద కిందికి దిగుతూ, ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. దీన్ని మొదట 1952లో బెర్లిన్‌లో షెర్‌హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్ల కొలతలలో గుర్తించారు. 2009లో ధ్రువపు సుడి రెండుగా చీలిపోయింది, 30 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత కొద్ది రోజుల్లోనే 50 డిగ్రీలకు పైగా పెరిగింది, జనవరి 24 నాటికి గాలి దిశ తిరగబడింది. సూర్యుడు ఎంతో ప్రశాంతంగా ఉన్న కాలం కాబట్టి, అయనావరణంలో కనిపించిన మార్పును సూర్యుడి ఖాతాలో వేయడం కష్టం. పెరూలోని హికమార్కా రాడార్ ఆ రోజుల్లో ఉదయం ప్లాస్మా (అయనావరణంలోని విద్యుదావేశపు కణాల గుంపు) బలంగా పైకి లేవడాన్ని, మధ్యాహ్నం కిందికి దిగిపోవడాన్ని నమోదు చేసింది.

మన వైపు అదే మార్పును ఎలక్ట్రోజెట్‌లో చూడవచ్చు. భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే అయస్కాంత భూమధ్యరేఖ మీద, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట తూర్పుదిశగా పారే సన్నని విద్యుత్ ప్రవాహమే అది. గాదంకి ఆ రేఖకు ఉత్తరంగా కొంత దూరంలో, ఈ సన్నని పట్టీకి బయట ఉంది కాబట్టి నా పనికి అది చాలలేదు. రేఖకు దగ్గరగా ఉన్న తిరునెల్వేలిలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ కొలతలో నుంచి, దూరంగా ముంబై దగ్గర ఉన్న అలీబాగ్ కొలతను తీసివేస్తే మిగిలేదే ఎలక్ట్రోజెట్ బలం. లెక్క ఇంత సులువైనదే.

అయినా మొదటి వారమంతా నా గ్రాఫులో శిఖరం మధ్యాహ్నానికి బదులు వేళ కాని వేళ వచ్చింది. ఒక ఫైలులో సమయం యూనివర్సల్ టైమ్‌లోను, రెండోదానిలో మన ప్రామాణిక సమయంలోను ఉందని, ఐదున్నర గంటల తేడాతో రెంటినీ తీసివేస్తున్నానని ఫైలు తలభాగం చదివితే తెలిసేది. నేను చదవలేదు. ఆ తప్పు సరిదిద్దాక రేఖలు కుదురుకున్నాయి గానీ, అనుమానం మాత్రం నన్ను వదలలేదు.

అందుకే జనవరి చివరి వారపు గ్రాఫులు చూసి మళ్లీ సమయమే తప్పిందని నమ్మాను. ఉదయం ఎలక్ట్రోజెట్ మామూలు కంటే బలంగా లేస్తోంది, మధ్యాహ్నం తర్వాత సున్నా కిందికి పడిపోయి పడమటివైపు తిరుగుతోంది. దానిని కౌంటర్ ఎలక్ట్రోజెట్ అంటారు, అంతవరకు ఊహించినదే. కానీ ఆ ఆకారం మొత్తం రోజురోజుకూ కొంత ఆలస్యంగా జరుగుతోంది, గడియారం నెమ్మదిగా నడిచినట్లు. రెండు వారాలు ప్రోగ్రాములో తప్పు వెదికి, చివరికి కాగితాలు తీసుకుని గైడ్ గదికి వెళ్లాను. ఆయన వాటిని వరుసగా బల్ల మీద పరిచి, "ఏమ్మా, ఆ రోజుల తిథులు చూశావా?" అని అడిగారు.

ఆ సాయంత్రం మా నాయన బీరువాలో నుంచి సర్వధారి సంవత్సరపు పంచాంగం తీశాను. ఆయన ఏ పంచాంగాన్నీ పారేయరు, దానికి అమ్మ విసుక్కుంటూ ఉంటుంది. 2009 జనవరి 26 పుష్య బహుళ అమావాస్య. సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం పెరిగితే ఒక తిథి. భూమి తిరిగే వేగంలో 12 డిగ్రీలంటే 48 నిమిషాలు. తిథి సగటున రోజుకంటే కొంచెం పొట్టిది కాబట్టి చంద్రుడు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాడు. నా రేఖలు జరుగుతున్న తీరు సరిగ్గా అదే. స్ప్రెడ్‌షీట్‌లో తిథికి ఒక నిలువు వరుస చేర్చి, సమయాన్ని చంద్రుడి లెక్కలోకి మార్చి గీస్తే, చెదిరిన శిఖరాలు చాలావరకు ఒకచోటికి వచ్చాయి. చంద్రుడు సముద్రాన్ని లాగినట్లే గాలిని కూడా లాగుతాడు. ఆ పోటు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది కాబట్టి అమావాస్యకు, పున్నమికి ప్రభావం ఒకే తీరుగా ఉంటుంది. ధ్రువపు సంగతి ఎరుగని 1940లోనే బార్టెల్స్, జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు పెరూలోని హువాంకాయోలో చంద్రుడి ప్రభావం విపరీతంగా పెరిగే రోజులను గుర్తించారు.

మరి ప్రతి అమావాస్యకూ ఇలా ఎందుకు జరగదు? మామూలు రోజుల్లో ఈ పోటు బలహీనమైనది. ధ్రువపు గాలులు తారుమారైనప్పుడు వాతావరణపు సహజ ఊగిసలాట కాలం చంద్రుడి పోటు కాలానికి దగ్గరపడి, ఊయలను సమయానికి నెట్టినట్లు దాన్ని పెంచుతుందన్న వివరణ నాకు నచ్చింది. అయితే సూర్యుడి వల్ల కలిగే 12 గంటల పోటు కూడా అదే కాలంలో పెరుగుతుంది. ఈ రెండింటినీ విడదీయాలంటే కనీసం 15 రోజుల కొలతలు కావాలి, ఆ లోపు అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయే కనిపిస్తాయి. నేను 21 రోజులు తీసుకున్నాను. కానీ అసలు సంఘటనే ఇంచుమించు అన్నాళ్లది కావడం వల్ల, దాని ఎదుగుదల, తగ్గుదల నా సగటులో కొంత చదునైపోయాయి. ఈ లోపాన్ని థీసిస్‌లో ఒక పేజీ పట్టి రాశాను, కమిటీలో ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఆ పేజీ మీదే.

ఇంకొక చిక్కు మా నాయన బయటపెట్టారు. నా భుజం మీదుగా పంచాంగంలోకి చూసి, "ఆ అమావాస్య నాడు గ్రహణం ఉండింది కదమ్మా" అన్నారు. ఉండింది. 26న వచ్చిన వలయ గ్రహణం దక్షిణ భారతంలో మధ్యాహ్నం పాక్షికంగా కనిపించింది. గ్రహణపు నీడ కూడా ఎలక్ట్రోజెట్‌ను కదిలించగలదు కాబట్టి, నా వాదనకు అన్నిటికన్నా అందంగా సరిపోయిన ఆ మధ్యాహ్నాన్ని లెక్కలోంచి తీసివేసి, గ్రాఫులో చుక్కల గీతగా మాత్రమే ఉంచాను.