పాలు చూడవే అన్న గొంతు

అమ్మకు కోటలు, మ్యూజియాలు పెద్దగా పట్టవు. నాటింగ్‌హామ్‌లో మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఎక్కడికి తీసుకెళ్ళినా ఓ అరగంట చూసి, "బాగుందమ్మా, ఇక ఇంటికి పోదామా" అనేది. అలాంటిది, లింకన్‌షైర్‌లో చిలకల ఆశ్రమం ఒకటి ఉందని మా పాప చెప్పగానే, "ఎప్పుడు వెళ్దాం?" అని తనే అడిగింది.

పాప హుషారుకు కారణం వేరు. 2024 జనవరిలో బూతులు తిట్టే చిలకల వార్త స్కూల్లో పిల్లలందరి నోటా నానింది. కథ అసలు 2020 ఆగస్టులో మొదలైంది. ఆ ఆశ్రమం ఉన్న లింకన్‌షైర్ వైల్డ్‌లైఫ్ పార్క్‌కు ఒకే వారంలో ఐదు వేర్వేరు ఇళ్ళనుంచి ఐదు ఆఫ్రికన్ గ్రే చిలకలు వచ్చాయి. బిల్లీ, ఎరిక్, టైసన్, జేడ్, ఎల్సీ. కొత్తగా వచ్చిన పక్షుల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచాలి కాబట్టి ఐదింటినీ ఒకే గదిలో పెట్టారు. ఒకటి తిడితే ఇంకొకటి నవ్వడం, అది విని మూడోది తిట్టడం. చివరికి వాటిని జనానికి కనిపించకుండా లోపలికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. తర్వాత అదే అలవాటున్నవి మరో మూడు చేరాయి. ఈ ఎనిమిదింటినీ మంచి మాట తీరున్న 92 చిలకల గుంపులో కలిపేయాలని 2024లో పార్క్ వాళ్ళు నిర్ణయించారు. అదే ఆ జనవరి వార్త. ఆ తిట్లు చెవులారా వినాలని పాప కోరిక.

మే నెల శనివారం బయల్దేరాం. నాటింగ్‌హామ్ నుంచి ఏ52 రోడ్డు పట్టుకుంటే గ్రాంథమ్, బోస్టన్ మీదుగా నేరుగా పార్క్ ఉన్న ఫ్రిస్క్‌నీ దాకా అదే రోడ్డు. రెండు గంటల ప్రయాణం. బోస్టన్ దగ్గరికొచ్చేసరికి నేల అరచేయిలా చదునైపోయింది. ఒకప్పుడు బురద మడుగులుగా ఉన్న భూమి. నీళ్ళు తోడి, కాలవలు తవ్వి సాగులోకి తెచ్చారు. ఎటు చూసినా తిన్నగా సాగిపోయే మురుగు కాలవలు, క్యాబేజీ, బంగాళదుంప చేలు, మధ్యమధ్యలో పసుపు ఆరబోసినట్టు ఆవాల లాంటి రేప్‌సీడ్ చేలు. అమ్మ కారు అద్దానికి ముఖం ఆనించి, "అచ్చం మన రేపల్లె వైపులాగే ఉందే! తాడిచెట్లే తక్కువ" అంది. ఇంగ్లండ్ వచ్చాక అమ్మ ఒక చోటుని మన ఊరితో పోల్చడం అదే మొదటిసారి.

కారు దిగకముందే చిలకల గోల వినిపించింది. సముద్రం దగ్గర కావడంతో చల్లగాలి కొడుతోంది, ఆ గాలిలో వందల గొంతులు. అమ్మ స్వెట్టర్ గుండీలు పెట్టుకుంటూ ఆగి, కళ్ళు మూసుకుని వింది.

అక్కడ దాదాపు 1,500 చిలకలు ఉంటాయని 2020లో వార్తల్లో రాశారు. అందులో ఆఫ్రికన్ గ్రేలే 200. పులుల్లాంటివి కూడా ఉన్నాయి గానీ వాటి గురించి నేను రాయను. మేం రోజంతా చిలకల దగ్గరే ఉన్నాం.

పొద్దున్న మేం చేరేసరికి గిన్నెలు మార్చే పని నడుస్తోంది. క్యారెట్, యాపిల్, మొక్కజొన్న కంకి ముక్కలు, ఎర్ర క్యాప్సికమ్. మకా అనే పెద్ద చిలక ఒకటి కాలితో కంకి ముక్క ఎత్తి పట్టుకుని, మనం కంకి తిప్పుకుంటూ తిన్నట్టే వరసగా గింజలు ఒలిచింది. చిలకల కాలికి రెండు వేళ్ళు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి, అందుకే ఆ పట్టు. ఇంకో పక్షి క్యాప్సికమ్‌లో కండ వదిలేసి గింజలు మాత్రమే ఏరుకుంది. "మా చిట్టి కూడా అంతే, పండుమిర్చి ఇస్తే గింజలు ముందు తినేది" అంది అమ్మ. మన నోరు మండించే కారం పక్షుల్ని మండించదు. చిన్నప్పుడు ఇది తెలియక, చిలక కంట్లోంచి నీళ్ళు ఎందుకు రావట్లేదా అని తను ఎదురుచూసేదట.

చిట్టి అన్న పేరు అమ్మ నోట నేను వినడం అదే మొదలు.

ఒక చోట కాకటూ అనే తెల్ల చిలక ఉంది. తలమీద తురాయి నిండుగా, అందంగా ఉంది. మెడ దిగువనుంచి మాత్రం ఒక్క ఈక లేదు. ముడతలు పడ్డ గులాబీ రంగు చర్మం, దానిమీద అక్కడక్కడా ఈక మొదళ్ళు. పాప భయపడి నా చెయ్యి పట్టుకుంది. జబ్బు చేసిందేమో అనుకున్నాం. అక్కడ పనిచేసే ఒకావిడ బకెట్ కింద పెట్టి ఓపిగ్గా చెప్పింది: తన ఈకలు తనే పీక్కుంది, ముక్కు అందని చోటు కాబట్టి తల ఒక్కటీ మిగిలింది. పొద్దస్తమానం ఒంటరిగా పంజరంలో ఉన్న పక్షులు కొన్ని ఇలా చేసుకుంటాయి. ఏళ్ళ తరబడి పీక్కుంటే ఈక మొలిచే రంధ్రమే పాడవుతుంది, ఇక ఆ చోట ఎన్నటికీ ఈక రాదు. ఆ కాకటూ మాత్రం ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ కొత్తగా కట్టిన చెట్టుకొమ్మ బెరడు శ్రద్ధగా ఒలుచుకుంటూనే ఉంది. రోజూ ఏదో ఒకటి కొరకడానికి, చీల్చడానికి ఉండాలట. నోటికి పని లేకపోతే అది మళ్ళీ తన ఒంటి మీదికే పోతుంది.

ఎవరు వదిలేస్తారు వీటిని అని అడిగాను. క్రూరంగా చూసినవాళ్ళ పేర్లు వస్తాయనుకున్నాను. ఆవిడ చెప్పినవన్నీ మన ఇళ్ళలో జరిగేవే. పెద్దాయన చనిపోయాడు. పెద్దావిడ ఓల్డేజ్ హోమ్‌లో చేరింది, అక్కడ పక్షులకు చోటు లేదు. భార్యాభర్తలు విడిపోయారు. పాప పుట్టింది, చిలక అసూయతో అరుస్తోంది. పక్కింటివాళ్ళు గోడ కొడుతున్నారు. ఆఫ్రికన్ గ్రే బాగా చూసుకుంటే 40, 50 ఏళ్ళు సునాయాసంగా బతుకుతుంది, 60 కూడా దాటచ్చు. యాభయ్యో ఏట రిటైరయ్యే ముందు ముచ్చటపడి ఓ పిల్లను తెచ్చుకుంటే, ఆ మనిషి పోయాక కూడా దానికి ఇంకా సగం జీవితం మిగిలి ఉంటుంది. కొనేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేసుకోరు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే ఈ మధ్య రెండు ఇళ్ళలో గ్రేలు తెచ్చారు. ఈ లెక్క వాళ్ళకు చెప్పాలని అక్కడే అనుకున్నాను.

గ్రేల దగ్గర మధ్యాహ్నమంతా గడిపాం. దూరానికి బూడిద రంగు మామూలు పక్షుల్లా ఉంటాయి. దగ్గరికెళితే ఒక్కో ఈకకూ తెల్లటి అంచు, సన్నటి చేప పొలుసుల్లా. ఎర్రటి తోక. లేత పసుపు కళ్ళు, అందులో నల్లటి కనుపాప చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటుంది. పాప తిట్ల కోసం చెవులు రిక్కించి నిలబడింది. బూతులేం వినబడలేదు. మైక్రోవేవ్ అయిపోయినప్పుడు వచ్చే బీప్ వినిపించింది. లారీ వెనక్కి వచ్చే చప్పుడు, ఫోన్ రింగ్, "హలో". పాప కాస్త నిరాశపడింది.

ముందు కొమ్మమీద ఉన్న ఒక గ్రే తలుపు కిర్రుమన్న శబ్దం చేసింది. తర్వాత దగ్గింది. ఊరికే దగ్గు కాదు, లోపల కఫం కదిలి, గొంతు సవరించుకుని, చివర్లో చిన్నగా మూలిగే దగ్గు. ఆ వెంటనే తలుపు మూసిన చప్పుడు. అమ్మ నా మోచేయి పట్టుకుంది.

"ఎవరో పెద్దాయన దగ్గర ఉండేదే ఇది. చుట్టో సిగరెట్టో కాల్చేవాడు. పొద్దున్నే లేచి తలుపు తీసుకుని బయటికెళ్ళేవాడు. దీన్ని తీసుకెళ్ళేవాడు కాదు."

"అంత ఎలా తెలుసమ్మా?"

"తలుపు ముయ్యడం కూడా వచ్చుగా దానికి" అంది.

అక్కడే బెంచీ మీద కూర్చుని చిట్టి సంగతి చెప్పింది. తాడిచెట్టు తొర్రలోంచి మామయ్య తీసిన రామచిలక పిల్ల. అమ్మకు అప్పుడు పదేళ్ళు. వసారాలో పంజరం. రెక్కలు పెరిగినప్పుడల్లా కత్తిరించే పని అమ్మదే. అమ్మమ్మ కుట్టుపని కత్తెర తీసుకుని, చిట్టిని గుడ్డలో చుట్టి, ఒక్కో రెక్క విప్పి ఈకలు సగానికి కోసేదట. "నొప్పుండదు, గోళ్ళు కోసుకున్నట్టే అని మా అమ్మ చెప్పింది. అయినా ప్రతిసారీ దాని గుండె నా అరచేతిలో దడదడా కొట్టుకునేది" అంది.

చిట్టికి ఒకటే వాక్యం బాగా వచ్చు. పొద్దున్నా సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి అమ్మమ్మ పెరట్లోకి వెళుతూ కేకేసేది, "ఒసే పెద్దమ్మాయ్, పాలు చూడవే!" అని. అచ్చం అదే గొంతు, అదే సాగదీత. అమ్మ పెళ్ళయి వెళ్ళాక కూడా అది అలాగే పిలిచేదట. తర్వాత అమ్మమ్మ పోయింది. పెద్దకర్మ రోజు బంధువులంతా వసారాలో విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా చిట్టి అరిచింది, "ఒసే పెద్దమ్మాయ్, పాలు చూడవే!" చేతిలో ముద్ద ఎవరికీ నోట్లోకి పోలేదు. తాతయ్య లేచి పెరట్లోకి నడిచాడు, ఆవిడ అక్కడ ఉన్నట్టే. ఆ తర్వాత వారానికి పంజరం పక్క ఊళ్ళో దూరపు చుట్టాలకు ఇచ్చేశారు. "అదేమైందో నేను ఎప్పుడూ అడగలేదు. మా అమ్మ గొంతు ఎవరింట్లోనో పరాయివాళ్ళ మధ్య పిలుస్తూనే ఉండి ఉంటుంది. పలికేవాళ్ళు లేక."

నేనేం అనలేకపోయాను. రామచిలకను పెంచడం మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని నాకు తెలుసు. అయినా చిన్నప్పుడు మా వీధిలోనే నాలుగైదు పంజరాలు చూశాను, చిలక జోస్యం చెప్పించుకున్నాను. ఎవరికీ తప్పనిపించలేదు. లండన్‌లో రిచ్‌మండ్ పార్కులో అవే రామచిలకలు గుంపులు గుంపులుగా ఎగురుతుంటే మాత్రం ఫోన్లు తీసి వీడియోలు తీశాం.

పొద్దున మాట్లాడిన ఆవిడే సాయంత్రం గిన్నెలు తీసుకోవడానికి మళ్ళీ వచ్చింది. ఆ దగ్గు గురించి అడిగాను. ఆవిడ చెప్పినదాన్ని ఇలా అర్థం చేసుకున్నాను: చిలకకు గుంపు కావాలి. గుంపులో ఏ పలుకు నడిస్తే అది నేర్చుకుంటేనే అది ఆ గుంపుదవుతుంది. ఇంట్లో ఉన్న గుంపు మనిషే కాబట్టి మనిషి మాట నేర్చుకుంటుంది. మనిషి లేనప్పుడు ఆ మాటనే పదేపదే అంటుంది, జవాబు వస్తుందేమోనని. ఇక్కడ తోటి చిలకలతో కలిశాక కొన్నింటికి మనిషి మాటలు తగ్గిపోతాయి. ఈలలు, గుంపు పిలుపులు పెరుగుతాయి. బూతుల చిలకల్ని పెద్ద గుంపులో కలపడం వెనక ఆలోచన కూడా ఇదే. చిలక మాట్లాడితే మనకు ముచ్చట. ఇక్కడ మాట తగ్గితే సంతోషిస్తారు. ఇది వినేదాకా ఈ విషయం నాకు ఎప్పుడూ తట్టలేదు.

"నవ్వకండి, తిరిగి ఆ మాట అనకండి, చాలు" అంది ఆవిడ వెళుతూ. మనం నవ్వితే చిలక అది బహుమతి అనుకుంటుంది, మళ్ళీ అదే చేస్తుంది.

మూసే వేళయింది. చిలకలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. చెవులు చిల్లులు పడే గోల. అమ్మ చివరిసారి గ్రేల దగ్గరికి వెళ్ళింది, నేను వెనకే వెళ్ళాను. ఇంటి ముందు ఆగిన ఆవుతో, కారు కింద దూరిన పిల్లితో, ఎవరితోనైనా మాట్లాడకుండా ఉండలేని మనిషి. వల దగ్గర నిలబడి పెదాలు గట్టిగా బిగించుకుంది.

ఆ గ్రే తల పక్కకు వంచి అమ్మని చూసింది. తలుపు కిర్రుమంది. దగ్గింది. గొంతు సవరించుకుని ఆగింది. అమ్మ పలకలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అలాగే నిలబడింది. మళ్ళీ దగ్గింది. మళ్ళీ ఆగింది.

వెనక ఎక్కడో కొమ్మల్లోంచి సన్నటి ఈల ఒకటి వచ్చింది, రెండు స్వరాలు పైకి, ఒకటి కిందికి. గ్రే మెడ ఒక్కసారి అటు తిప్పింది. అదే ఈల తిరిగి వేసింది. ముక్కుతో పై కొమ్మ పట్టుకుని, ఒక కాలు, తర్వాత రెండో కాలు, మా వైపు వీపు తిప్పి పైకెక్కి ఆకుల్లోకి వెళ్ళిపోయింది. ఎర్ర తోక ఒక్క క్షణం కనబడింది.

"పోదాం పద" అంది అమ్మ.