సార్ బయలుదేరారు

సగం రోజు సెలవు పెట్టి వెళ్తే రోజంతా పోయింది. అత్తయ్యకు మూడు నెలలకోసారి చేయించే షుగర్ చెకప్ ఇవాళ. పొద్దున్నే కంకిపాడులో బస్సెక్కి, పరగడుపున రక్తం ఇప్పించి, పదింటికి డాక్టర్ గారికి చూపించి, అత్తయ్యను తిరుగు బస్సెక్కించి, మధ్యాహ్నం బెల్లుకి నేను బడికి చేరుకోవాలన్నది లెక్క. లెక్కల టీచర్ని కాబట్టి ఈ లెక్క మీద నాకు కాస్త నమ్మకం కూడా ఉండింది.

విజయవాడ సూర్యారావుపేట తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పుష్పా హోటల్ సెంటర్ దగ్గర ఆటో దిగితే ఎటు చూసినా ఆస్పత్రి బోర్డులే. వాటి కింద ల్యాబులు, వాటి పక్కన మందుల షాపులు. చుట్టుపక్కల జిల్లాల వాళ్ళంతా ఇక్కడికే వస్తారు. ఏడున్నరకే ల్యాబు గుమ్మంలో బోలెడు చెప్పులు.

ల్యాబులో మాత్రం గడియారం బాగా పనిచేస్తుంది. "రాత్రి ఎన్నింటికి తిన్నారు మామ్మగారూ?" అని అడిగి, ఎనిమిది గంటలు దాటిందని తేల్చుకున్నాకే సూది గుచ్చాడు ఆ కుర్రాడు. "ఇప్పుడు టిఫిన్ చేయండి. మొదటి ముద్ద పెట్టుకున్న టైము గుర్తుంచుకోండి. అక్కణ్ణుంచి రెండు గంటలకి మళ్ళీ రావాలి, మర్చిపోవద్దు" అన్నాడు. పక్క హోటల్లో ఇడ్లీ పెట్టించి, మాత్రలు వేయించి, చీటీ వెనక 8-05 అని రాసుకున్నాను. 10-05కి రెండో రక్తం ఇచ్చాం. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపుతో పనిలేదు, దాన్ని పొద్దున తీసిన రక్తంతోనే చేసేశారు. అన్నీ నిమిషాల మీద జరిగిపోయాయి. ఆ తర్వాత మేడెక్కాం.

మేడ మీద టైము అనేదే లేదు.

మా చీటీ మీద "టోకెన్ 27, ఉ. 10 గం." అని ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయనది టోకెన్ 3, ఉ. 10 గం. ఎదురుగా కూర్చున్నావిడది 40, ఆవిడకీ అదే పది గంటలు. డాక్టర్ గారు ఇంకా రాలేదు. రిసెప్షన్లో అమ్మాయిని అడిగితే తలెత్తకుండా "సార్ బయలుదేరారండీ" అంది. పదకొండింటికి అడిగినా బయలుదేరే ఉన్నారు. ఎక్కణ్ణుంచి బయలుదేరారో ఎవరూ చెప్పరు. పొద్దున పూట ఇంకో ఆస్పత్రిలో రౌండ్స్ ఉంటాయనీ, అక్కడ ఐసీయూలో ఒక కేసు సీరియస్ అయిందనీ కాంపౌండర్ ఎవరో మెడికల్ రెప్‌తో అంటుంటే చెవిన పడింది. ఆ ముక్కేదో మాకే చెప్పి ఉంటే సగం కోపం అక్కడే చచ్చేది. ఐసీయూలో మనిషిని వదిలేసి మా అత్తయ్య మోకాలు చూడమని ఎవరంటారు?

మా టీచర్లకు 2022 ఆగస్టు నుంచి ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. బస్సు ఆలస్యమైనా, సిగ్నల్ లేకపోయినా, ఆ యాప్ "మేడం బయలుదేరారు" అని మా తరఫున ఎవరికీ చెప్పదు.

ఊరికే కూర్చోలేక చీటీ వెనకే ఇంకో లెక్క వేశాను. నలభై మంది, మనిషికి ఎనిమిది నిమిషాలు అనుకుంటే 320 నిమిషాలు, అంటే 5 గంటల 20 నిమిషాలు. డాక్టర్ గారు ఠంచనుగా పదింటికి కూర్చున్నా నలభయ్యో మనిషి లోపలికి వెళ్ళేది మధ్యాహ్నం మూడు దాటాకే. మరి ఆవిణ్ణి పదింటికి రమ్మనడం దేనికి? ఇదేమీ కొత్తగా వచ్చిన చిక్కు కాదు. ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ అనే గణాంకవేత్త 1952లోనే ఆస్పత్రి ఓపీల్లో జనం పడిగాపుల మీద లెక్కలు కట్టాడు. మొదట ఇద్దర్ని పిలిచి కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి సగటున ఎంతసేపు పడుతుందో అంత ఎడంతో మిగతావాళ్ళకు టైములు ఇస్తే చాలన్నాడు. డాక్టరు ఖాళీగా గోళ్ళు గిల్లుకునే పరిస్థితీ పెద్దగా రాదు, పేషెంట్లు గంటల తరబడి కాచుక్కూర్చునే అవసరమూ ఉండదు. డెబ్భై ఏళ్ళు దాటినా మా హాల్లో అందరికీ పది గంటలే. ఎందుకంటే డాక్టర్ గారి నిమిషానికి ధర ఉంది, అది ఒక్కటి కూడా వృథా పోకూడదు. హాల్లో ఉన్న నలభై మంది నిమిషాలు ఊరికే వస్తాయి. కూలి మానుకుని వచ్చినవాళ్ళూ అందులో ఉంటారు, వాళ్ళకు అవి ఊరికే రావు.

పన్నెండుంపావుకి సార్ వచ్చారు. హాలంతా లేచి నిలబడింది. పాపం ఆయన కూడా పరుగులాంటి నడకతోనే లోపలికి వెళ్ళారు.

సరే, ఇక టోకెన్ల వరసన నడుస్తుంది కదా అంటే, అదీ లేదు. "ఒక్క నిమిషమండీ, రిపోర్టులు చూపించి వచ్చేస్తాం" అనే జాతి ఒకటుంది. వాళ్ళకు టోకెన్ అక్కర్లేదు, నిన్నటి చీటీ చాలు. ఆ ఒక్క నిమిషానికి నలుగురు వెళ్తారు, లోపల కుర్చీలు లాగిన చప్పుడు బయటికి వినిపిస్తుంది. తర్వాత ఎవరో తెలిసినవాళ్ళ తాలూకు అని ఒకాయన. తర్వాత టక్ చేసుకుని, నల్ల బ్యాగులు మోస్తూ ముగ్గురు రెప్‌లు. వాళ్ళను తిట్టుకోబోయి ఆగాను. నాకన్నా ముందొచ్చి, పొద్దుట్నుంచీ కూర్చోకుండా గోడకానుకుని నిలబడ్డారు వాళ్ళు. కూర్చుంటే బాగుండదట.

ఇక్కడ అత్తయ్య సంగతి రాయాలి. ఇంత కోపంలో నేనుంటే ఆవిడ హాయిగా ఉంది. ఇంట్లో టీవీ, నేనూ తప్ప మాట్లాడే దిక్కులేని మనిషి. ఇక్కడ నలభై మంది! గంటలోపే ఉయ్యూరు నుంచి వచ్చినావిడ కోడలి పురిటి కబురు, గుడివాడాయన చేపల చెరువు నష్టం, ఎవరికి ఎంత షుగరు, ఎవరు మెంతులు నానబెట్టుకుని తాగుతున్నారు, అన్నీ సేకరించింది. "ఎందుకమ్మాయ్ అలా గడియారం చూస్తావు? చూస్తే తిరుగుద్దా?" అని నన్నే కసిరింది. సంచీలోంచి పెరుగన్నం బాక్సు కూడా తీసింది. ఇది ఎప్పుడు కట్టుకుందో నాకు తెలీదు. "ఈ ఆస్పత్రి నాకు తెలీదా" అంటూ ఒంటిగంటకి మెట్ల మీద కూర్చుని శుభ్రంగా తిని వచ్చింది.

ఆ తెలివి అందరికీ ఉండదు. రెండు కావస్తుండగా మా వెనక వరసలో ఒక పెద్దాయనకు ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు తిండి ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది, ఈ మాట ఇదే డాక్టర్ గారు అత్తయ్యకు ఎన్నిసార్లు చెప్పారో. నర్సు పరిగెత్తుకొచ్చి గ్లూకోజు నీళ్ళు తాగించింది, కాసేపటికి తేరుకున్నాడు. ఆయన భార్య మాత్రం "ఇప్పుడే పిలుస్తారేమోనని కదల్లేదమ్మా" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. షుగర్ ఆస్పత్రి హాల్లో షుగర్ పేషెంటు ఆకలితో పడిపోవడం! నాకు ఒళ్ళు మండింది.

ఇప్పుడే పిలుస్తారేమో. ఆ "ఏమో" దగ్గరే అసలు బాధంతా ఉంది. మూడున్నరకి మీ వంతు అని తెలిస్తే ఎవరైనా వెళ్ళి అన్నం తిని వస్తారు, బాత్‌రూమ్‌కి భయం లేకుండా వెళ్తారు, నేనైతే సంచీలో ఉన్న ఎనిమిదో తరగతి స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుకునేదాన్ని. తిరుమలలో వేల మంది ఉంటారు. అక్కడ కూడా ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, టోకెన్ లేని భక్తుల సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో రోజూ చెబుతారు, పేపర్లో వేస్తారు. పన్నెండు గంటలంటే పన్నెండుకి సిద్ధపడి వెళ్తాం. కంపార్ట్‌మెంట్లో పాలూ అన్నప్రసాదమూ ఇస్తారు. ఏడుకొండలవాడే తన ఆలస్యం ముందుగా చెప్పి పంపిస్తుంటే, సూర్యారావుపేటలో మేడ మీద ఆయనకేం అడ్డమొచ్చిందో.

మా వంతు వచ్చేసరికి నాలుగు కావస్తోంది. లోపలికి వెళ్ళేటప్పుడు నాలుగు మాటలు అడుగుదామనే వెళ్ళాను. ఆయన ముఖం చూస్తే భోజనం చేసినట్టు లేదు. "రండి మామ్మగారూ, మోకాలెలా ఉంది?" అన్నారు. గుర్తుపెట్టుకున్నారు! హెచ్‌బీఏ1సీ పోయినసారి 8.4, ఈసారి 7.8. చెప్పులు విప్పించి, అరికాళ్ళ మీద సన్నటి నైలాన్ పోగుతో అక్కడక్కడా గుచ్చి "తెలుస్తోందా" అని అడిగారు. కాలి వేళ్ళ సందులు చూశారు. నిద్ర పడుతోందా అని అడిగితే అత్తయ్య మా ఆడపడుచు ఇంటి గొడవ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆయన ఆపలేదు. 67 దేశాల లెక్కలు పోగుచేసిన పరిశోధన ఒకటి 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ప్రాథమిక వైద్యంలో డాక్టరు పేషెంటుతో గడిపేది మన దేశంలో దాదాపు రెండు నిమిషాలే, స్వీడన్‌లో ఇరవై రెండున్నర. మాకివాళ అంతకు ఎన్నో రెట్లు దొరికింది. బయట ఇరవై ఎనిమిదో టోకెన్ వాళ్ళు మమ్మల్ని ఏమని తిట్టుకుంటున్నారో ఊహించగలను, పొద్దుట్నుంచీ నేనూ ఆ పనే చేశాను. అయినా ఆవిణ్ణి త్వరగా ముగించమని నేను సైగ చెయ్యలేదు. ఇంతసేపు కూర్చున్నది దీనికోసమే కదా.

అనుకున్న నాలుగు మాటలు మాత్రం అడగలేదు. ఆయన్ని అడగాల్సినవి కూడా కావనిపించింది. బయటికొచ్చి రిసెప్షన్ అమ్మాయిని అడిగాను, టైములు విడివిడిగా ఇవ్వొచ్చు కదా అని. "ఇస్తే ఎవరూ ఆ టైముకి రారండీ" అంది. ఇచ్చి చూశారా అంటే నవ్వింది.

వచ్చే చెకప్ దసరా సెలవుల్లో పడేలా రాయించుకున్నాను, ఇక సీఎల్ తలనొప్పి లేదు. ముందు రోజు ఫోన్ చేసి సార్ ఊళ్ళో ఉంటారో లేదో కనుక్కుని రమ్మని ఆ అమ్మాయి చీటీ మీద నంబరు చుట్టి ఇచ్చింది. ఆ నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తరని నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. పొద్దుట్నుంచీ తన టేబుల్ మీద మోగుతున్న ఫోన్ అదే.